ఆ రక్తపు గడ్డను ఉమ్మివేయకండి
జ్ఞానదంతం తీయించుకున్నవారికి, వారి ఇంటివారికి

జ్ఞానదంతం తీయించుకోవడానికి మన ఇళ్లలో ఎంతో ఆలోచన చేస్తారు. ఏ డాక్టరు దగ్గరకు పోవాలి, ఎంత ఖర్చవుతుంది, పెళ్లికి ముందా తర్వాతా అని నలుగురిని అడుగుతారు. పన్ను బయటకు వచ్చిన తర్వాత మాత్రం ఇక పని అయిపోయిందనుకుంటారు. మా అభిప్రాయం వేరు. పన్ను తీయడం అరగంట, గంట పని. అది డాక్టరు పని. గాయం మానడం రోజుల తరబడి సాగే పని. అది ఇంటి పని. మొదటి పని ఎంత చక్కగా జరిగినా రెండవది చెడితే రోగికి బాధ తప్పదు.

మూడవ రోజునో నాలుగవ రోజునో దవడ పట్టుకొని తిరిగి వచ్చేవారి మాటలు ఇంచుమించు ఒకే విధంగా ఉంటాయి. "సిస్టరమ్మా, పన్ను ఉన్నప్పటి నొప్పే నయముండె. ఇప్పుడు చెవులకు, కణతకు గుంజుతున్నది" అంటారు. ఇంట్లో ఏం చేశారని అడిగితే, "చెడు రక్తం పోయేదాక ఉమ్మిన, ఉప్పునీళ్లతోటి మంచిగ కడిగిన" అంటారు. శుభ్రంగా ఉండాలనే మంచి ఉద్దేశంతోనే ఆ పని చేశారు. కాని గాయాన్ని చెడగొట్టింది ఆ పనే. కనుక ఈసారి మేము ముఖ్యంగా చెప్పదలచింది ఒక్కటే. పన్ను తీసిన గుంతలో నిలిచిన రక్తపు గడ్డ మురికి కాదు, అదే మొదటి మందు. దాన్ని కాపాడుకుంటే సగం వైద్యం జరిగినట్లే.

ఈ పన్ను ఎందుకింత ఇబ్బంది పెడుతుంది?

నోటిలో అన్నిటికంటే వెనుక, అన్నిటికంటే చివర వచ్చే దవడపన్ను ఇది. మామూలుగా 17 నుండి 25 ఏళ్ల మధ్య వస్తుంది. బుద్ధి తెలిసిన వయసులో వస్తుంది కనుక జ్ఞానదంతం అన్నారు. మన వైపు ఉర్దూ మాట్లాడేవారు అకల్ దాడ్ అంటారు. చాలామందికి దవడలో దానికి చోటు చాలదు. అప్పుడది అడ్డంగానో, వాలుగానో ఎముకలో ఇరుక్కుపోతుంది. సగం బయటకు వచ్చిన పన్ను మీద చిగురు మూతలా ఉండి, దాని కింద అన్నం మెతుకులు చేరి, వాపు, చీము, నోరు తెరవలేకపోవడం మొదలవుతాయి.

జ్ఞానదంతం ఉన్న ప్రతివారూ తీయించుకోవాలని మేము చెప్పడం లేదు. ఏ బాధా, ఏ జబ్బూ లేని జ్ఞానదంతాన్ని ముందు జాగ్రత్త పేరుతో తీయవద్దని బ్రిటన్‌లోని నైస్ అనే ఆరోగ్య సంస్థ 2000లోనే సూచించింది. మాటిమాటికీ చిగురు వాచేవారికి, పుచ్చిపోయినవారికి, పక్క పన్నును చెడగొడుతున్నవారికి తీయక తప్పదు. ఎక్స్‌రే చూసి డాక్టరు చెబుతారు.

"మా తాత దారం కట్టి పన్ను పీక్కొని అదే పూట నాగలి పట్టిండు. మీరు ఇంత భయం పెడతరేంది?" అని అడిగేవారున్నారు. తాతగారి పన్ను చిగుళ్ల జబ్బుతో వేరు వదులై, రేపో ఎల్లుండో తానే ఊడేది. జ్ఞానదంతం అలా కాదు. చిగురు కోసి, కొన్నిసార్లు ఎముక కొంత తొలిచి, పన్నును ముక్కలు చేసి తీయవలసి ఉంటుంది. కుట్లు కూడా పడతాయి. అది చిన్న ఆపరేషనే. ఆపరేషన్ అయినవారికి ఇచ్చే విశ్రాంతి దీనికీ ఇవ్వాలి.

గుంతలో జరిగే పని

పన్ను ఊడిన కొద్ది నిమిషాలకే గుంత రక్తంతో నిండి, ఆ రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ కింద ఎముక, నరాల కొసలు ఉంటాయి. గాలి, ఉమ్మి, ఆహారం వాటికి తగలకుండా ఆ గడ్డ మూతలా కాపాడుతుంది. తర్వాత దాని లోపలికే సన్నని రక్తనాళాలు పాకి, వారం రోజుల్లో మెత్తని కొత్త కండ పెరగడం మొదలవుతుంది. మూడు నాలుగు వారాల్లో చిగురు పైన కప్పుకుంటుంది. లోపల ఎముక నిండడానికి మూడు నుండి ఆరు నెలలు పడుతుంది. ఇల్లు కట్టేవారు ముందు పునాది పోస్తారు. పునాది తడి ఆరకముందే తవ్వి పారేస్తే గోడ ఎక్కడ నిలుస్తుంది?

ఆ గడ్డ మొదటి రోజుల్లోనే ఊడిపోయినా, కరిగిపోయినా గుంత ఖాళీ అయి ఎముక బయటపడుతుంది. దీన్నే దంతవైద్యులు డ్రై సాకెట్ అంటారు, అంటే ఎండిపోయిన గుంత. క్రాఫర్డ్ అనే దంతవైద్యుడు 1896లో దీని గురించి మొదట వ్రాశారు. మామూలు పళ్లు తీసినప్పుడు ఇది నూటికి ఒకరి నుండి ఐదుగురి వరకు వస్తుంది. కింది దవడ జ్ఞానదంతం తీసినవారిలో ఇంతకంటే చాలా ఎక్కువ. పొగ తాగేవారిలో, గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలలో మరీ ఎక్కువ.

దాని గుర్తులు తెలుసుకోండి. మొదటి రోజు, రెండవ రోజు తగ్గుతూ వచ్చిన నొప్పి మూడవ, నాలుగవ రోజున ఒక్కసారిగా పెరుగుతుంది. చెవిలోకి, కణతకు లాగుతుంది. నోటి నుండి దుర్వాసన వస్తుంది. అద్దంలో చూస్తే గుంతలో నల్లని గడ్డ ఉండదు, తెల్లని ఎముక కనబడుతుంది. ఇది ప్రాణాపాయం కాదు గాని రాత్రి నిద్ర పట్టనివ్వదు. వెంటనే వస్తే గుంతను కడిగి, మందు పెట్టి పంపుతారు. చాలామందికి ఆ పూటే హాయిగా ఉంటుంది. ఇంట్లో మాత్రలు మింగుతూ వారం ఓర్చుకోవలసిన అవసరం లేదు.

"చెడు రక్తం" అనే మాట

పన్ను తీసిన చోట నుండి చెడు రక్తం పోవాలని మన పెద్దలు చాలామంది నమ్ముతారు. దీనిని మేము గట్టిగా కాదంటున్నాము. పంటి గుంతలోకి వచ్చే రక్తం చేతిలో, కాలిలో, గుండెలో పారే రక్తమే. అక్కడ వేరే చెడు రక్తం లేదు.

ఇంకొక మాట. మొదటి 24 గంటలు ఉమ్మిలో కొంచెం ఎర్రదనం ఉంటుంది. మన నోటిలో రోజుకు అర లీటరు నుండి లీటరున్నర వరకు లాలాజలం ఊరుతుంది. అందులో నాలుగు చుక్కల రక్తం కలిసినా నోరంతా రక్తమే అనిపిస్తుంది. భయపడి ఉమ్ముతారు. ఉమ్మినప్పుడల్లా నోటిలో లాగుడు పుట్టి గడ్డ కదులుతుంది. మళ్లీ రక్తం వస్తుంది. మళ్లీ ఉమ్ముతారు. ఈ తిప్పలకు మూలం ఉమ్మడమే. ఉమ్మిని మెల్లగా మింగండి. కొద్దిపాటి రక్తం కడుపులోకి పోతే ఏ హానీ లేదు.

మొదటి రోజు

1. డాక్టరు పెట్టిన గాజుగుడ్డను 30 నుండి 45 నిమిషాలు గట్టిగా కొరికి పట్టండి. నిమిషానికొకసారి తీసి చూడవద్దు. మాట్లాడవద్దు. రక్తం వస్తోందా అని వేలు పెట్టవద్దు, నాలుకతో తడమవద్దు.

2. గుడ్డ తీసిన తర్వాత మళ్లీ రక్తం కారుతుంటే శుభ్రమైన గాజుగుడ్డను మడిచి, తడిపి, పిండి, ఆ చోట పెట్టి ఇంకొక అరగంట ఒత్తి పట్టండి. దూదిని నేరుగా పెట్టవద్దు, పోగులు గుంతలో చిక్కుకుంటాయి.

3. కింది దవడకు ఇచ్చిన మత్తు మూడు నుండి ఐదు గంటల వరకు ఉంటుంది. అది పోయేదాకా నమలవద్దు. వేడి టీ తాగవద్దు. తెలియకుండానే పెదవి కొరుక్కునేవారు, నోరు కాల్చుకునేవారు ఉన్నారు.

4. ఐసు ముక్కలను గుడ్డలో చుట్టి చెంప పైన 20 నిమిషాలు పెట్టండి, 20 నిమిషాలు తీయండి. ఇది మొదటి రోజు మాత్రమే. ఫ్రిజ్ లేని ఇంట్లో కుండ నీటిలో తడిపిన గుడ్డ అయినా పనికివస్తుంది.

5. పుక్కిలించవద్దు, ఉమ్మవద్దు. కొబ్బరిబొండం, జ్యూసు, మజ్జిగ ప్యాకెట్ స్ట్రాతో పీల్చవద్దు. గ్లాసుతో తాగండి.

6. పడుకునేటప్పుడు తల కింద రెండు దిండ్లు పెట్టుకోండి. రెండు మూడు రోజులు బరువులు ఎత్తవద్దు, బోరింగు కొట్టవద్దు, వంగి చేసే పనులు వద్దు.

7. ఆ రాత్రి మిగిలిన పళ్లను మెల్లగా తోముకోవచ్చు. గాయం దగ్గరకు బ్రష్షు పోనీయవద్దు.

రెండవ రోజు నుండి

ఉప్పునీళ్లు మంచివే. కాని వాటికి సమయం ఉంది. 24 గంటలు దాటిన తర్వాత ఒక గ్లాసు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు కలిపి, నోటిలో పోసుకొని, తలను అటు ఇటు మెల్లగా వంచి, నీటిని దానంతట అదే జారిపోనివ్వండి. బుగ్గలు ఊది గలగలలాడించవద్దు. భోజనం తర్వాత ప్రతిసారీ, పడుకునే ముందు ఒకసారి చేస్తే చాలు.

వాపు రెండవ రోజు, మూడవ రోజు వరకు పెరుగుతుంది. తర్వాత తగ్గుతుంది. "నిన్నటికంటే ఇయ్యాల బుగ్గ ఎక్కువ ఉబ్బింది" అని రెండవ రోజున ఆందోళన పడవద్దు. నోరు సగమే తెరుచుకోవడం, మింగుతుంటే కొంచెం నొప్పి, చెంప మీద పచ్చగా కమలడం కూడా మామూలే. నాలుగవ రోజున వాపు తగ్గే బదులు పెరిగితే మాత్రం రావాలి. కుట్లు కరిగేవైతే అవే పోతాయి, లేకుంటే వారానికి తీస్తారు. గుంతలో అన్నం మెతుకు చిక్కితే అగ్గిపుల్లతో, చీపురుపుల్లతో, పిన్నీసుతో తీయవద్దు. ఉప్పునీటికే వస్తుంది.

తంబాకు సంగతి

ఇక మన ప్రాంతపు పెద్ద కష్టం గురించి మాట్లాడాలి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్ వైపు బీడీలు చుట్టి ఎన్నో కుటుంబాలు బ్రతుకుతున్నాయి. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి, శ్రీరాంపూర్‌లలో బొగ్గు బాయి మీద ఆధారపడిన కుటుంబాలు ఉన్నాయి. బాయి లోపలికి అగ్గిపెట్టె, బీడీ తీసుకుపోకూడదు. మంటకు పేలుడు ప్రమాదం ఉంది కనుక అది సరైన నియమమే. కాని ఆ ఎనిమిది గంటలు గడపడానికి ఖైనీ, అంబరు చెంపలో పెట్టుకునే అలవాటు చాలామందికి పడింది. ఆ పొగాకు పెట్టేది సరిగ్గా జ్ఞానదంతం తీసిన వైపే అయితే గాయం ఎలా మానుతుంది?

బీడీ, చుట్ట, సిగరెట్టు తాగినప్పుడు రెండు నష్టాలు జరుగుతాయి. పొగ పీల్చే లాగుడికి గడ్డ కదులుతుంది. నికోటిన్ రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది కనుక గాయానికి రక్తం చాలదు. ఖైనీ, అంబరు, గుట్కాలో ఉండే పొగాకు, సున్నం పచ్చి గాయాన్ని నేరుగా కాలుస్తాయి. పన్ను నొప్పికి తంబాకు నలిపి పెట్టడం, పొగాకు పొడితో పళ్లు తోమడం కూడా ఇటువంటివే.

పూర్తిగా మానేయమని మేము ఎప్పుడూ చెబుతాము. ఒక్కసారిగా అది చేతకానివారు కనీసం ఒక వారం ముట్టవద్దు. మొదటి మూడు రోజులు ఒక్కటంటే ఒక్కటి కూడా వద్దు. ఆ వారం గడిచిన తర్వాత మళ్లీ మొదలుపెట్టకపోతే ఇంకా మంచిది. నోటి క్యాన్సరు భయం కూడా తగ్గుతుంది. కల్లు, సారా, బ్రాండి కూడా వారం రోజులు వద్దు. "నొప్పి తెలువకుంట ఒక సీస తాగిన" అనేవారికి మేము చెప్పేది, మద్యం గాయాన్ని మండిస్తుంది, కొన్ని మందులతో కలిస్తే ప్రమాదం తెస్తుంది. బీడీలు చుట్టే అక్కచెల్లెళ్లు చేతులు సబ్బుతో కడుక్కోకుండా నోటిని, చెంపను ముట్టుకోకూడదు.

పత్యం పేరుతో పస్తు వద్దు

పప్పు తింటే చీము పడుతుంది, వంకాయ తింటే పుండు రేగుతుంది, గుడ్డు వేడి, పెరుగు చలువ అని చెప్పి రోగికి చారు అన్నంతో సరిపెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల. పప్పు వల్ల కాదు. కొత్త కండ పెరగడానికి మాంసకృత్తులు కావాలి. అవి పప్పులో, గుడ్డులో, పాలలో, పెరుగులో ఉన్నాయి. వాటినే మాన్పిస్తే గాయం దేనితో మానుతుంది?

మొదటి రోజు చల్లారిన జావ, మజ్జిగ, పాలు, అరటిపండు గుజ్జు ఇవ్వండి. రెండవ రోజు నుండి మెత్తగా పిసికిన పప్పన్నం, పెరుగన్నం, జొన్న గట్క, రాగి అంబలి, ఉడికించిన గుడ్డు, కిచిడి పెట్టవచ్చు. రెండవ వైపు నమలాలి. జొన్నరొట్టె తప్ప తినలేనివారు పాలలో, పప్పులో బాగా నానబెట్టుకోవాలి. సకినాలు, మురుకులు, మక్క పేలాలు, పల్లీలు, కారం మిక్చరు ఒక రెండు వారాలు దూరం పెట్టండి. చిన్న పలుకులు, నువ్వులు గుంతలో చేరి ఇబ్బంది పెడతాయి. కారం, పులుపు నాలుగైదు రోజులు తగ్గించండి. రామగుండం వైపు ఎండలు మనకు తెలియనివి కావు. ఎండాకాలంలో తీయించుకున్నవారు నోరు నొప్పి అని నీళ్లు మానవద్దు.

షుగరు ఉన్నవారు అన్నం మాని మాత్ర మాత్రం వేసుకుంటే షుగరు పడిపోతుంది. అన్నం తిని మాత్ర మానితే గాయం మానదు. రెండూ వేళకు సాగాలి.

మందుల విషయం

పన్ను తీసేటప్పుడు నొప్పి తెలియకుండా చేయడం ఇప్పుడు పెద్ద విషయం కాదు. అమెరికాలో హోరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు 1844 డిసెంబరు 11న నవ్వు పుట్టించే వాయువు పీల్చి, తన జ్ఞానదంతాన్నే తోటి డాక్టరుతో తీయించుకొని చూపించాడు. ఆ తర్వాత వచ్చిన మత్తు ఇంజెక్షన్లు ఇంకా మేలైనవి. మిగిలిన సమస్య మత్తు వదిలిన తర్వాతి నొప్పి.

దానికి పెద్ద మందులు అక్కరలేదు. కింది జ్ఞానదంతం తీసినవారి మీద జరిగిన పరిశోధనలన్నిటినీ కాక్రేన్ సంస్థవారు 2013లో పరిశీలించారు. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ ఈ రెండూ కలిపి ఇస్తే ఒక్కొక్కటి విడిగా ఇచ్చినప్పటికంటే నొప్పి బాగా తగ్గుతున్నదని తేలింది. ఎంత మోతాదు, ఎన్ని రోజులు అన్నది మీ డాక్టరు వ్రాసినట్లే వాడండి. మొదటి మాత్ర మత్తు పూర్తిగా దిగకముందే వేసుకోవాలి. కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, ఆయాసం ఉన్నవారు, గర్భవతులు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి సొంతంగా కొని వేసుకోకూడదు. నొప్పి మాత్రను చిగురు మీద పెడితే చిగురు కాలుతుంది. మాత్ర మింగడానికే.

యాంటీబయాటిక్ విషయంలో మా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. "సూది వేయలేదు, క్యాప్సూళ్లు రాయలేదు, ఇదేం ఆసుపత్రి" అని అలిగి, ఊరిలోని ఆర్.ఎం.పి. దగ్గర సూది వేయించుకునేవారున్నారు. కాక్రేన్ వారి 2021 నివేదిక ప్రకారం ఆరోగ్యవంతులలో సుమారు 19 మందికి యాంటీబయాటిక్ ఇస్తే ఒక్కరికి చీము పట్టకుండా ఆగుతుంది. ఒక్క డ్రై సాకెట్‌ను ఆపాలంటే 46 మందికి ఇవ్వాలి. మిగిలినవారికి విరేచనాలు, దద్దుర్లు, రేపు నిజంగా అవసరమైనప్పుడు మందు పని చేయకపోవడం మిగులుతాయి. షుగరు అదుపులో లేనివారికి, ముందే చీము ఉన్నవారికి, గుండె కవాటాల జబ్బు ఉన్న కొందరికి తప్పకుండా ఇస్తారు. వ్రాసినప్పుడు పూర్తిగా వాడండి. వ్రాయనప్పుడు అడగవద్దు.

గుండె జబ్బుకు రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నవారు, ఎముకల బలానికి గాని క్యాన్సరుకు గాని ఇంజెక్షన్లు తీసుకుంటున్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. రెండవ రకం మందులలో కొన్నిటి వల్ల పన్ను తీసిన తర్వాత దవడ ఎముక మానదని 2003 నుండి వైద్యులు గుర్తించారు. ఏ మాత్రనూ మీ అంతట మీరు ఆపవద్దు. పన్ను కోసం గుండెను ప్రమాదంలో పెట్టకూడదు.

లవంగ నూనె గురించి చాలామంది అడుగుతారు. డ్రై సాకెట్‌కు డాక్టరు పెట్టే మందులలో లవంగంలోని పదార్థమే ఉంటుంది. కాని అది కొలతతో చేసిన మందు. ఇంట్లో నూనెను పచ్చి గాయంలో పోస్తే కండ కాలుతుంది. పసుపు ముద్ద, బూడిద, సున్నం కూడా గుంతలో పెట్టవద్దు.

రాత్రి అని చూడకుండా రావలసిన గుర్తులు

— అరగంట చొప్పున రెండుసార్లు గుడ్డ ఒత్తి పట్టినా ఆగని రక్తం.
— మింగలేకపోవడం, ఉమ్మి కారిపోవడం, ఊపిరి ఆడకపోవడం, గొంతు మారిపోవడం.
— దవడ కింద, మెడలో, నాలుక కింద గట్టిగా వాపు రావడం.
— చలి, జ్వరం, చీము. నోరు రోజు రోజుకూ మూసుకుపోవడం.
— మరుసటి రోజుకు కూడా పెదవి, గడ్డం, నాలుక మొద్దుబారి ఉండడం. ఇది రాత్రికి రాత్రి రావలసింది కాదు గాని, తప్పక చెప్పాలి.

రెండవ, మూడవ గుర్తుల గురించి మరొకసారి చెబుతాము. కింది జ్ఞానదంతం వేళ్లు దవడ లోపల చాలా కిందికి ఉంటాయి. అక్కడి చీము మెడలోకి, నాలుక కిందికి పాకితే గాలి దారి మూసుకుపోతుంది. లుడ్విగ్ అనే జర్మన్ వైద్యుడు 1836లో వర్ణించిన ఈ జబ్బు నేటికీ ప్రాణాలు తీస్తుంది. పన్ను వాపే కదా అని తెల్లవారేదాకా ఆగవద్దు. 108కు ఫోను చేయండి.

దూరం ఊళ్లవారికి, దూరదేశం పోయేవారికి

పాత ఆదిలాబాద్ జిల్లా 2016లో నాలుగు జిల్లాలైంది. కార్యాలయాలు దగ్గరకు వచ్చాయి. అయినా ఉట్నూరు, జైనూరు, తిర్యాణి లోపలి గూడేలవారికి దంతవైద్యుడు ఇంకా దూరమే. అక్కడి నుండి వచ్చేవారు పన్ను తీసిన వెంటనే బస్సు ఎక్కవద్దు. రక్తం ఆగిందని నర్సు చూసి చెప్పేవరకు కూర్చోండి. వీలైతే ఆ రాత్రి పట్నంలో బంధువుల ఇంట్లో ఆగండి. వెళ్లేటప్పుడు గాజుగుడ్డలు నాలుగు ఎక్కువ అడిగి తీసుకోండి.

దుబాయి, సౌదీ పోయే తమ్ముళ్లు వీసా వచ్చిన తర్వాత, విమానానికి రెండు రోజుల ముందు పన్ను తీయించుకోవాలని వస్తారు. దయచేసి అలా చేయవద్దు. కనీసం రెండు మూడు వారాల ముందు రండి. పై దవడ పన్ను ముక్కు పక్కనుండే గాలి గదికి ఆనుకొని ఉంటుంది. అక్కడ రంధ్రం పడితే ముక్కు గట్టిగా చీదరాదు, విమానం ఎక్కే విషయం డాక్టరును అడగాలి. పైగా క్యాంపులో దిగిన మూడవ రోజున డ్రై సాకెట్ వస్తే జావ కాచి ఇచ్చేవారెవరు, డ్యూటీకి సెలవిచ్చేవారెవరు?

సంఘంలో తరచుగా అడిగే రెండు ప్రశ్నలు

పై పన్ను తీస్తే కంటిచూపు పోతుందా? పోదు. కంటిచూపు నరం వేరు, పంటి నరం వేరు. ఈ భయంతో చీము పట్టిన పన్నును ఏళ్ల తరబడి ఉంచుకోవడమే ప్రమాదం.

ఆదివారం క్వయర్‌లో పాడవచ్చా? ఆ ఒక్క ఆదివారం కూర్చొని వినండి. నోరు బాగా తెరిచి పాడితే కుట్లు లాగుతాయి. మరుసటి ఆదివారం, నొప్పి లేకుంటే పాడండి.

మా విన్నపం

ఇదంతా రోగికి మాత్రమే చెబితే సరిపోదని మా నమ్మకం. నోరు మొద్దుబారి, భయంతో ఉన్న మనిషికి ఎన్ని చెప్పినా చెవికెక్కవు. కనుక పన్ను తీయించుకోవడానికి వచ్చేవారు ఒంటరిగా రావద్దు. ఇంట్లో వండిపెట్టేవారిని, అమ్మనో, భార్యనో, అక్కనో వెంట తీసుకురండి. జాగ్రత్తలు వారికి చెప్పాలి, అదీ సూది వేయకముందే చెప్పాలి. ఏ దవాఖానాలో తీయించుకున్నా సరే, తెలుగులో వ్రాసిన కాగితం, ఫోను నంబరు అడిగి తీసుకోండి. అది అడగడం మీ హక్కు. మూడవ రోజున ఒక ఫోను చేసి ఎలా ఉందో అడిగే ఏర్పాటు ప్రతి దంతవైద్యశాలలో ఉండాలని మేము కోరుతున్నాము. డ్రై సాకెట్ బయటపడేది ఆ రోజుల్లోనే కదా.

పని ఇచ్చేవారికి కూడా ఒక మాట. బాయిలో మస్టరు పోతుందని, సాంచెల మీద కూలి పోతుందని, బీడీల లెక్క తక్కువవుతుందని మరునాడే పనికి దిగేవారిని మేము తప్పుపట్టలేము. ఇల్లు గడవాలి. కాని పన్ను తీయించుకున్న మనిషికి రెండు రోజులు విశ్రాంతి ఇస్తే, ఆ తర్వాత వారం రోజుల నాగా తప్పుతుంది. లోపలి ఊరి నుండి మందు పెట్టించుకోవడానికి మూడుసార్లు వచ్చిపోయే బస్సు ఖర్చు, పోయే కూలి లెక్క వేసి చూడండి. రెండు రోజుల సెలవే చౌక.

ఇంటివారు ఈ పేజీని చింపి, వంటింటి గోడకు అంటించుకున్నా మాకు సంతోషమే. పన్ను తీసిన మనిషి బేసిన్ దగ్గరకో, వాకిట్లోకో ఉమ్మడానికి పోతుంటే ఎవరో ఒకరు చేయి పట్టి ఆపండి. ఆ రక్తపు గడ్డను అక్కడే ఉండనివ్వండి. దాని పని అది చేసుకుంటుంది.